తడి పత్తి మీద నల్ల నలుసులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి ఎక్కడ దురద పెట్టినా కారణం ఒక్కటే, మిరపకాయ. కళ్లు మండినా మిరపకాయే, ముక్కు కారినా మిరపకాయే, మెడ మీద దద్దు లేచినా మిరపకాయే. ఆ మాట తేల్చేది మా నాయనమ్మ. ఆవిడ ఒకసారి తేల్చేశాక ఇంక ఆ సంగతి మీద ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. నాకిప్పుడు అరవై దాటి ఆరేళ్లు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ మంట మాత్రం మిరపకాయది కాదు.

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. నాన్న సగం పొలంలో పత్తి, సగం పొలంలో మిరప వేసేవాడు. మాఘమాసం వచ్చిందంటే ఇంటి వెనక దొడ్డంతా కల్లమే. ఎండబెట్టిన కాయల మధ్య నడవడానికి ఒక్క కాలిబాట మిగిలేది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో తుమ్ములు ఆగేవి కావు. చుట్టాలెవరైనా వస్తే గుమ్మంలోనే పొలమారి, మంచినీళ్లు తాగి, పనుందని వెళ్లిపోయేవాళ్లు. మాకది అలవాటు. అలవాటు పడిన మనిషికి ఒక జబ్బు ఉంటుంది, ఏం జరిగినా ఆ అలవాటైన దాని మీదకే నెట్టేస్తాడు. మా ఇంటిల్లిపాదికీ ఆ జబ్బుండేది.

అప్పుడు నాకు పదేళ్లు. మాకో పిల్లి ఉండేది. జాజురంగు ఒళ్లు, తెల్లటి పొట్ట. జాజి అని పేరు పెట్టింది నేనే. వచ్చే ఏడాది విత్తనానికని దాచిన కాయల్ని ఎలుకలు కొరికేస్తున్నాయని నాన్న దాన్ని మా మేనమామ ఇంటి నుంచి గంపలో తెచ్చాడు. వచ్చిన వారంలోనే ఎలుకల అలికిడి ఆగిపోయింది. దాంతో నాయనమ్మ కూడా దానికి రోజూ గరిటెడు పెరుగన్నం పెట్టేది. వసారాలో మడతపెట్టిన గోతాల దొంతర మీద అది పడుకునేది. ఆ పక్కనే మా తమ్ముడి ఉయ్యాల. వాడికప్పటికి ఆరు నెలలు. బడి నుంచి రాగానే నేను పుస్తకాల సంచీ విసిరేసి ముందు జాజి దగ్గరికి పోయేదాన్ని, తర్వాతే తమ్ముడి దగ్గరికి. అందుకు అమ్మ చేత చీవాట్లు తినేదాన్ని.

ఆ ఏడు కాయ కల్లంలోకి వచ్చిన పది రోజులకి జాజి గోక్కోవడం మొదలుపెట్టింది. పెరుగన్నం తింటూ తింటూ మధ్యలో ఆపి, వెనక్కాలు ఎత్తి మెడ గోక్కునేది. నిద్రపోతున్నది కాస్తా ఎవరో గిల్లినట్టు దిగ్గున లేచి, వెనక్కి తిరిగి తోక మొదలు కొరుక్కునేది. నాలుగు రోజులకి నడుము చివర బొచ్చు పల్చబడి లోపలి చర్మం కనబడింది. అది లేచి వెళ్లాక చూస్తే గోతాం మీద ఆవాలు నూరినట్టు సన్నటి నల్ల నలుసులు. ఒళ్లు నిమిరితే నా వేళ్లకీ అవే అంటుకునేవి.

నేను అమ్మతో చెప్పాను. ఉయ్యాల ఊపుతూ, కల్లంలో పొర్లితే ఘాటెక్కదా అంది. నాన్నతో చెప్పాను. కూలీల లెక్క చూసుకుంటూ, మిరపకాయలమ్మా, కాయ వెళ్లిపోతే అదే తగ్గుద్ది అన్నాడు. నాయనమ్మతో చెప్పాను. ఆవిడ నావైపు చూడను కూడా చూడలేదు. నల్లగా ఉన్నాయి నాయనమ్మా ఆ నలుసులు, కారం ఎర్రగా కదా ఉంటుంది అన్నాను. కాయ కుళ్లితే నల్లబడదా, నోర్మూసుకుని చదువుకో అంది. గోడకు చెప్పినట్టయింది. ముగ్గురికీ కళ్లున్నాయి, పిల్లి ముగ్గురి కాళ్లకీ అడ్డం పడుతూనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు వంగి చూసిన పాపాన పోలేదు. నాకు ఏడుపొచ్చేది.

సరే, అంతమంది పెద్దవాళ్లు చెబుతున్నారు, మిరపకాయేనేమో అని నేనూ నమ్మాను. నమ్మాక వైద్యం చేయాలి కదా. చేతులకి కారం మండితే నీళ్లు పోస్తే పోదని, నూనె రాయాలని మా వైపు పలక పట్టని పిల్లకి కూడా తెలుసు. తమ్ముడికి ఒళ్లు రుద్దడానికి నాయనమ్మ గానుగ నుంచి తెప్పించిన నువ్వుల నూనె ఒక గాజు సీసాలో గూట్లో ఉండేది. అది ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని ఆవిడ ముందే చెప్పి ఉంది. ఒక మధ్యాహ్నం అందరూ కల్లంలో ఉన్నప్పుడు నేను ఆ సీసా దింపి, చారెడు నూనె ఒంపుకుని, జాజికి వీపంతా తోకదాకా పట్టించాను.

ఆ పూట అది కొంచెం తక్కువ గోక్కుంది. నా వైద్యానికి నేనే మురిసిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే జిడ్డు వదిలించుకోవడానికి కల్లంలోకి పోయి కాయల మీద దొర్లింది. కల్లంలోని కారప్పొడి అంతా ఆ నూనెకి అంటుకుంది. నాకుతుంటే నోరు మండి చొంగ కారుస్తోంది. అది చాలదన్నట్టు ఎక్కడికి పోయి కూచుంది? నాన్న గుంటూరు వెళ్లడానికని ఉతికి మడత పెట్టుకున్న తెల్ల పంచె మీద. దాన్ని తోలేసి చూస్తే పంచె మీద అరచేతి వెడల్పున ఎర్రటి మరక.

నాయనమ్మ ఆ పంచె ఎత్తి పట్టుకుని వాకిట్లో అందరికీ చూపించింది. "చూశారా, నే చెప్పలా? ఒళ్లంతా కారమే దానికి."

నేను స్తంభం వెనక నిలబడి ఉన్నాను. ఆ ఎరుపు నూనె రాయబట్టి దిగిందని నాకు ఒక్కదానికే తెలుసు. చెబితే చేతులు విరుగుతాయి.

రెండు రోజుల తర్వాత తమ్ముడి కాళ్ల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. మడమల దగ్గర, పిక్కల మీద, మూడేసి నాలుగేసి ఒక వరసలో. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా మడమల మీద కూడా అలాంటివే ఉన్నాయి. నావి ఎవరూ చూడలేదు, నేను కల్లంలో తిరిగేదాన్ని కాబట్టి నావి మిరప పొక్కులు. తమ్ముడు కల్లంలో కాలు పెట్టినవాడు కాదు. అంచేత నాయనమ్మ మొదటిసారి మిరపకాయని వదిలిపెట్టి వేరే తీర్పు చెప్పింది. పిల్లికి గజ్జి పట్టింది, అది పసివాడికి అంటుకుంది, దాన్ని ఇంట్లో ఉంచడానికి వీల్లేదు.

మర్నాడు తెల్లారేసరికి మా టిక్కీలు, అంటే కాయ తొక్కి కుట్టిన గోతాలు, గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్లడానికి లారీ వస్తుంది. పిల్లిని కూడా గోతాంలో వేసి లారీలో పంపేస్తే గుంటూరులో ఎక్కడో ఒకచోట వదిలేస్తారు, అంతదూరం నుంచి తిరిగి రాలేదు. మా ఊళ్లో అక్కర్లేని పిల్లుల్ని అలాగే పంపేవాళ్లు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి సరే అన్నాడు. ఆయన మంచివాడే, కాని కాయ అమ్మకానికి పోయేముందు ఆయనకి ఇంకేదీ కనబడదు. పాలేరు జాజిని పట్టి గోతాంలో వేసి మూతి కట్టి టిక్కీల పక్కన పడేశాడు. గోతాం కదులుతోంది. లోపల కూడా అది గోక్కుంటూనే ఉంది. నేను దాని పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడవడానికి మాత్రం నోరొచ్చింది, నూనె సంగతి చెప్పడానికి రాలేదు.

మా కల్లంలో కాయ ఏరడానికి వచ్చేవాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. ఎండలో రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని మా వైపు తాలుకాయలంటారు. అవి కలిస్తే ధర పడిపోతుంది. వాటిని ఏరడంలో ఆమెని మించినవాళ్లు చుట్టుపక్కల లేరు. కళ్లు ఎటో చూస్తుండేవి, వేళ్లు మాత్రం తాలుని ఇటు, మంచికాయని అటు వేసుకుంటూ పోయేవి. మేం పిల్లలం ఆమెని తాలుకాయల మామ్మ అనేవాళ్లం. ఊరవతలి పాలెం నుంచి వచ్చేది. ఆదివారం చర్చికి పోవాలని పనిలోకి వచ్చేది కాదు, అది మా నాయనమ్మకి ఒక కోపం. చేతులు మండకుండా రాసుకోవడానికి నడుం దగ్గర కొంగున ఒక చిన్న మందుసీసాలో నూనె తెచ్చుకునేది, పత్తి వత్తి బిరడాగా పెట్టి.

నా ఏడుపు విని ఆమె లేచి వచ్చింది. గోతాం వంక చూసింది, నా వంక చూసింది. ఏంది పాపా అనడిగితే గజ్జి అని, తమ్ముడికి అంటుకుందని, రేపు లారీలో అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె ఇంకేం అడగలేదు. గోతాం మూతి విప్పి, జాజిని మెడ వెనక పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. తోక మొదట్లో బొచ్చు ఎదురు దువ్వింది. తర్వాత వసారాలోకి పోయి అది పడుకునే గోతాం తెచ్చి ఎండలో పరిచింది.

ఈలోపు నాయనమ్మ వచ్చేసింది. "ఏమే, పని మానేసి పిల్లి పేలు చూస్తున్నావా?"

"పేలు కాదండి పెద్దమ్మగారూ, మిన్నల్లులు. ఎగిరిపోతాయండి, కంటికి ఆనవు. ఒక్క చెంబుడు నీళ్లు ఇప్పించండి."

నాయనమ్మ ఇప్పించలేదు. నేనే పరిగెత్తి తెచ్చాను. ఏం జరుగుతోందో చూద్దామని నాన్న వచ్చాడు, తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మ వచ్చింది. తాలుకాయల మామ్మ పక్కనున్న పత్తి మూటలోంచి రెండు తెల్లటి పింజలు తీసి, నీళ్లలో ముంచి, పిండి, చెరొక పలకరాయి మీద పెట్టింది. తర్వాత జాజి గోతాం మీద వేళ్లు ఆడించింది. ఆ గోతాం మీద నల్ల నలుసులున్నాయి, ఎర్రటి కారం తునకలూ ఉన్నాయి. తాలు ఏరినంత తేలిగ్గా నల్లవి ఒకచోట, ఎర్రవి ఒకచోట వేరుచేసేసింది. నల్లవి ఒక పింజ మీద చల్లింది, ఎర్రవి రెండో దాని మీద చల్లింది. వేలితో మెల్లిగా ఒత్తి, చూడండి అంది.

నల్ల నలుసుల చుట్టూ తడిలోకి రంగు దిగడం మొదలైంది. తుప్పురంగు, తర్వాత ఇటుకరంగు. ఒక్కో నలుసు చుట్టూ ఒక్కో చిన్న ఎర్రటి మచ్చ. రెండో పింజ మీద కారం తునకలు ఎర్రగా అలాగే కూచున్నాయి, కింద పత్తి తెల్లగానే ఉంది.

"ఎర్రగానే ఉందిగా, కారమే అది" అంది నాయనమ్మ, మొదటి పింజ చూపించి.

"కారం నీళ్లకి దిగదండి, నూనెకి దిగుద్ది. మీకు నే చెప్పాలా. ఇది నెత్తురండి. ఆ పురుగులు దీని నెత్తురు తాగి రాల్చే పెంట అది. ఎండితే నల్లగా ఉంటది, తడి తగిలితే మళ్లీ ఎర్రబడద్ది. గజ్జి అయితే ఇట్టా రాదండి. ఆ గోతాంలోంచే ఎగిరి బాబుని కుట్టాయి."

అమ్మ అప్పుడు వంగి చూసింది. ఇన్ని రోజులకి మొదటిసారి. "నిజమే అత్తయ్యా, ఆవకాయలో రంగు తేలేది నూనెలోనే గదా" అంది మెల్లిగా. ఏటా జాడీలకి జాడీలు కలిపే చేతులు. ఆ చేతుల్లోనే ఉన్న సంగతి ఇంకొకరు వచ్చి చెబితేగాని గుర్తురాలేదు. జాజి పొట్టమీద బొచ్చు విడదీస్తే గోధుమరంగు పురుగు ఒకటి రెండు వెంట్రుకల మధ్య పాకి, చూస్తుండగానే ఎగిరి మాయమైంది. నాన్న చూశాడు. నాయనమ్మా చూసింది.

పిల్లి పోవక్కర్లేదని ఆ క్షణమే తేలిపోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నాన్న కూడా తేలికపడి, అయితే పత్తికి చల్లే పొడిమందు ఉంది, దాని మీద ఇంత చల్లేద్దాం అన్నాడు. తాలుకాయల మామ్మ వద్దు బాబుగారూ అని చెయ్యి అడ్డం పెట్టింది. పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, నాకితే చస్తుంది, వాళ్ల పాలెంలో ఒకళ్ల పిల్లి అట్లాగే పోయింది అంది. సన్నపళ్ల పేల దువ్వెన తెప్పించి, కుంకుడురసం నురగతో పక్కన పెట్టుకుని, మెడ నుంచి తోకదాకా ఎట్లా దువ్వాలో, పళ్లకి చిక్కిన పురుగుని ఎగరనివ్వకుండా ఎట్లా నురగలో ముంచాలో నా చెయ్యి పట్టుకుని చూపించింది. గోతాలు కాగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయమంది. ఉయ్యాల గుడ్డలు కూడా. అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది.

నాన్నే అడిగాడు, మామూలుగానే. "మరి కారం నీళ్లకి దిగకపోతే నా పంచెకి ఆ మరకెట్లా అయింది?"

ఆమె జాజి వీపు మీద చెయ్యి రాసి వాసన చూసుకుంది. "నువ్వుల నూనండి. ఎవరో రాశారు దీనికి" అంది. అని నా వంక చూసింది. ఒక్క చూపే.

నాయనమ్మ ముఖం మారిపోయింది. "అందుకా పసివాడి నూనె సీసా సగానికొచ్చింది" అంది. ఆవిడ కళ్లు ఇంట్లోవాళ్ల మీదికి పోలేదు. నా మీదికైతే అసలు పోలేదు. తాలుకాయల మామ్మ చేతుల మీదికి పోయాయి. నూనె రాసుకుని జిడ్డుగా మెరుస్తున్న చేతులు. "పిల్లికి రాసేదెవరే? నీ చేతులకి రాసుకుని, అదే చేత్తో దాన్ని పట్టుకుని ఉంటావు. గూట్లో సీసా ఎక్కడుంటదో తెలిసినట్టుందే."

తాలుకాయల మామ్మ కొంగు విప్పి తన మందుసీసా తీసి చూపించింది. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నానండి, కొబ్బరి నూనె ఇది అంది. నాయనమ్మ వాసన కూడా చూడలేదు. ఇందాక అంత పరీక్ష కళ్లారా చూసిన మనిషి, ఇక్కడ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే తేలిపోయేదాన్ని, ముఖం తిప్పుకుంది. అమ్మ నేల చూపులు చూస్తోంది. నాన్న, పోనీలే అమ్మా ఎంత నూనె అన్నాడు. అది ఇంకా ఘోరం, తీసిందని ఒప్పేసుకున్నట్టే కదా. నేనే రాశాను అనడానికి రెండు మాటలు చాలు. నా ఒళ్లో జాజి ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుని కూచున్నాను.

ఆమె సీసా కొంగున కట్టుకుంది. చెంబు బోర్లించింది. వెళ్లి తన చోట కూచుని, పొద్దువాలేదాకా తాలు ఏరి, కూలి తీసుకుని పోయింది.

మర్నాడు లారీ వచ్చింది, టిక్కీలు పోయాయి, జాజి మిగిలింది. తాలుకాయల మామ్మ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఊరి చివర వేరేవాళ్ల కల్లానికి పోతోందని కూలీలు చెప్పారు. చూశారా, తప్పు లేకపోతే ఎందుకు రాదు అంది నాయనమ్మ. అదే నోటితో వచ్చినవాళ్లందరికీ, మా పిల్లికి మిన్నల్లులు పట్టాయి, పత్తి తడిపి చూస్తే తెలిసిపోద్ది అని తనే కనిపెట్టినట్టు చెప్పుకుంది. నాకు ఒళ్లు తెలియని కోపం. ఎవరి మీదో తేల్చుకోలేని కోపం.

ఆగలేక పొయ్యి దగ్గర అమ్మతో చెప్పేశాను, నూనె రాసింది నేనని. అమ్మ నన్ను కొట్టలేదు. ఊరుకో, ఇప్పుడు ఆ మాట ఎత్తితే మీ నాయనమ్మ నన్ను పట్టుకుంటుంది, పిల్లని అట్లా పెంచావంటుంది, అయిందేదో అయింది అంది. నేను నిజం చెప్పినా అది పొయ్యి దగ్గరే ఆగిపోయింది. రోజూ బడి నుంచి వచ్చి జాజిని దువ్వేదాన్ని. మొదటిరోజు చాలా పురుగులు దొరికాయి, తర్వాత తగ్గుతూ వచ్చాయి. తమ్ముడి కాళ్లు మానాయి. దువ్వెన పట్టుకున్నప్పుడల్లా నా చేతి మీద ఆమె చెయ్యి ఉన్నట్టే అనిపించేది. పిల్లి బాగుపడుతున్నకొద్దీ నాకు అన్నం సయించేది కాదు.

ఆదివారం ఎవరికీ చెప్పకుండా పాలెం పోయాను. ఆమె చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూచుని ఉంది. నన్ను చూసి ముందు పిల్లి సంగతే అడిగింది. రోజుకి రెండో మూడో దొరుకుతున్నాయని చెప్పాను. మానొద్దు, గుడ్లు ఉంటాయి, ఇంకో నెల్లాళ్లు దువ్వు అంది. అప్పుడు నూనె సంగతి చెప్పాను. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను.

"నాకు తెలుసు పాపా. నీ గోళ్లల్లో జిడ్డు ఆ రోజే చూశా."

"మరి నువ్వెందుకు చెప్పలా?"

"నే చెబితే మీ ఇంట్లో ఎవరు నమ్ముతారు? పిల్లికైతే నోరు లేదు, పాపం గోక్కుని చూపించుకుంది. నీకుందిగా."

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. లోపలికి పోయి బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టి, ఎండెక్కకముందే ఇంటికి పొమ్మంది. ఆ బెల్లం నేను తినలేకపోయాను, దారిలో పారేయనూ లేకపోయాను.

ఆ మధ్యాహ్నం నాన్న భోజనానికి కూచున్నప్పుడు, నాయనమ్మ వడ్డిస్తుండగా, నడిమింట్లో నిలబడి గట్టిగా చెప్పాను. నూనె దొంగతనం చేసింది నేను, పిల్లికి రాసింది నేను, ఆమె కాదు అని. నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. నాయనమ్మ గరిటె తిరగేసి నా వీపున రెండు వేసింది. దెబ్బలు నూనెకనుకున్నాను. కాదు, ఆడపిల్లకి ఇంత నోరేంటి అంది. సరే, చెప్పాను కదా, ఇంక వాళ్లు వెళ్లి ఆమెకి ఒక మాట చెబుతారనుకున్నాను. నా పిచ్చిగాని. నాన్న మర్నాడు పాలేరు చేత, పనుంది రమ్మను అని కబురు పెట్టాడు. తప్పయిందనే మాట ఆ కబురులో లేదు. ఆమె రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. డొంకదారిలో ఎదురుపడితే మాత్రం, పిల్లి బాగుందా పాపా అనేది. జాజి మరో తొమ్మిదేళ్లు బతికింది. ప్రతిసారీ బాగుందనే చెప్పేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుకున్నానంటే, నేనుంటున్నది గుంటూరులో మా అమ్మాయి ఇంట్లో. మనవరాలు ఒక బూడిదరంగు పిల్లిని పెంచుతోంది. దానికి మెత్తటి పరుపు, గలగలలాడే బొమ్మలు, ఫోన్లో వెయ్యి ఫొటోలు. పోయిన నెల అది గోక్కోవడం మొదలుపెట్టింది. అన్నం మధ్యలో ఆపి మెడ గోక్కోవడం, దిగ్గున లేచి తోక కొరుక్కోవడం. మా అల్లుడు కిటికీ మూసి, మిరపకాయల లారీలు పోతున్నాయి గదండీ, ఘాటు పడట్లేదు దీనికి అన్నాడు. ఇన్నేళ్లు గడిచాయి, ఇళ్లు మారాయి, ఆ మాట మారలేదు.

నేను లేచి చూసేలోపే మనవరాలి కాళ్ల మీద పొక్కులు కనబడ్డాయి. మా అమ్మాయి చదువుకున్నది, ఇద్దరికి చెప్పగలిగేది, ఆ చదువంతా ఏమైందో, ఇల్లు తుడుస్తున్న పనావిడ వంక తిరిగి, "ఇంక నువ్వు మంచాల గదిలోకి రావొద్దమ్మా, మీ ఇంటి నుంచి నల్లులు వస్తున్నాయేమో" అంది. ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు లేదు.

ఈసారి నేను స్తంభం వెనక లేను. ఆ మాట వెనక్కి తీసుకోవే ముందు, పిల్లిని తర్వాత చూద్దాం అన్నాను. ఎంత గట్టిగా అన్నానో పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీశారు. అల్లుడి ముందు నేనెప్పుడూ గొంతు పెంచలేదు. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఆ ముఖం చూసి నాకు జాలి కూడా కలగలేదు. మందుల డబ్బాలోంచి దూది తీయించి, తడిపించి, పిల్లి పరుపు మీది నల్ల నలుసులు ఏరి దాని మీద వేశాను. రంగు దిగింది. తుప్పురంగు, తర్వాత ఇటుకరంగు. అందరూ వంగి చూశారు. చూడు, నీ కూతుర్ని కుట్టినవి నీ పరుపుల మీదే పుట్టాయి అన్నాను మా అమ్మాయితో. అది పనావిడ వైపు తిరిగి, సారీ అమ్మా, తెలీక అన్నాను అంది. ఆ మాట వినడానికి నాకు యాభై ఆరేళ్లు పట్టింది. వినాల్సినావిడ ఈవిడ కాదు, అది వేరే సంగతి.

సాయంత్రం పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మెడ వెనక వేసే చుక్కలమందు ఇచ్చారు. పరుపులన్నీ వేణ్ణీళ్లలో ఉతికించాం. మర్నాడు పనావిడ గిన్నెలు తోముతూ, ఆ దూది పని మీకెవరు నేర్పారు అమ్మమ్మగారూ అనడిగింది.

ముక్కాలిపీట లాక్కుని ఆవిడ పక్కన కూచున్నాను. సువార్తమ్మ అని, మా కల్లంలో తాలు ఏరేది అని మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆమెని ఎవరూ పేరు పెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు, నాతో సహా. పిల్లి సంగతి చెప్పాను, పత్తి సంగతి చెప్పాను. నూనె దగ్గరికి వచ్చేసరికి అక్కడితో ఆపేయాలనిపించింది. అయినా అదీ చెప్పాను.